చేప తగ్గితే ముందు ఎవరి వల ఆపుతారు?

(యానాంలో జరిగిన మన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



యానాం వచ్చి చేపల గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అదీ మీలో ఎవరూ వల వేయని చేప గురించి. అమెరికా, కెనడా దేశాల పడమటి తీరంలో తిరిగే సాల్మన్ గురించి ఈ పూట మాట్లాడతాను. మన సూపర్‌మార్కెట్లలో గులాబీరంగు ముక్కలుగా దొరికేది చాలావరకు సముద్రంలో వలపంజరాలు కట్టి పెంచిన చేప. ‘ఇండియన్ సాల్మన్’ అని బోర్డు పెట్టి అమ్మేదానికి అసలు సాల్మన్‌తో చుట్టరికమే లేదు. నేను చెప్పబోయేది నదిలో తనంతట తాను పుట్టి, సముద్రంలో తనంతట తాను పెరిగే చేప సంగతి. ఆ చేప తగ్గిపోతోంది. ఎందుకు తగ్గుతోంది అన్న ప్రశ్న మీద అక్కడ నూరేళ్లకు పైగా వాదన నడుస్తోంది.

ఇది మనకెందుకు అంటారేమో. పోయిన వానాకాలం మా సంఘంలో ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక నన్ను ఆపారు. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా గోదారి పాయల్లో వేటాడినవాడు. ఎవరో అధికారులు వచ్చి మీటింగు పెట్టారట. వల కన్ను పెద్దది వాడాలి, పిల్లచేపను పట్టకూడదు, కొన్నాళ్లు వేట ఆపాలి అని చెప్పి వెళ్లారట. ఆయన అడిగింది ఒకటే. “అయ్యగారండీ, పులస తగ్గిందంటే నా వలే కారణమా? ఆనకట్ట నేను కట్టానా? మందు నీళ్లు నేను వదిలానా?”

నాకు జవాబు తోచలేదు. ఇలాంటి ప్రశ్నే అడిగినవాళ్లు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా అని వెతుకుతూ పోతే సాల్మన్ దగ్గర తేలాను.

పులసా సాల్మనూ ఒక జాతి కావు గాని బతుకు తీరులో పోలిక ఉంది. సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, గోదారి ఎర్రనీళ్లకు ఎదురీదాక పులస. గుడ్లు పెట్టడానికి నదిలోకి రావాలి. సాల్మన్‌దీ అదే తోవ, కాకపోతే ఇంకా కఠినమైనది. గులకరాళ్ల మధ్య గుడ్డు పగిలి పుడుతుంది. కొన్నాళ్లు మంచినీటిలో పెరిగి సముద్రానికి పోతుంది. కొన్నేళ్లకు, తాను పుట్టిన ఏటి నీళ్ల వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. నదిలోకి అడుగుపెట్టాక మేత మానేస్తుంది. ఒంట్లోని కొవ్వు కరిగించుకుంటూ వందల కిలోమీటర్లు ఎదురీది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పులస మళ్లీ సముద్రానికి పోగలదు. పసిఫిక్ సాల్మన్‌కు ఆ ప్రయాణం ఒక్కసారే. దాని శవాన్ని ఎలుగుబంట్లు అడవిలోకి లాక్కుపోతాయి, అక్కడి చెట్లకు సముద్రపు సారం ఎరువుగా అందుతుంది.

ఇలాంటి చేప తగ్గితే కారణం ఎక్కడ వెతకాలి? పుట్టిన ఏటిలోనా, దారిలోనా, సముద్రంలోనా, పట్టేవాడి చేతిలోనా? చిక్కంతా ఇక్కడే ఉంది.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఫ్రేజర్ అనే నది ఉంది. సుమారు 1,375 కిలోమీటర్లు, మన గోదావరి కంటే కాస్త పొట్టిది. సాల్మన్‌లో సాకై అనే ఎర్రచేపకు అది పేరుపడ్డ నది. 2009లో ఆ నదికి కోటికి పైగా సాకై వస్తుందని ప్రభుత్వ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వచ్చినవి సుమారు 15 లక్షలు. అప్పటికే ఇరవై ఏళ్లుగా దిగుబడి పడిపోతూ వస్తోంది. జనం గగ్గోలు పెట్టారు. ఆ ఏడాది నవంబరులో కెనడా ప్రభుత్వం బ్రూస్ కోహెన్ అనే న్యాయమూర్తితో విచారణ కమిషన్ వేసింది. చేపలు ఏమయ్యాయో తేల్చడానికి న్యాయ విచారణ! మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అసూయ కలిగింది.

కమిషన్ పని మొదలుపెట్టిన తర్వాతి ఏడు, 2010లో, అదే నదికి దాదాపు 3 కోట్ల సాకై వచ్చి పడ్డాయి. 1913 తర్వాత అంత రాక లేదు. అదే నది, అవే వలలు, అవే ఫ్యాక్టరీలు. ఏం చెప్పాలి? సాకై చాలావరకు నాలుగేళ్లకోసారి తిరిగొచ్చే చేప. కొన్ని ఉపనదుల్లో ప్రతి నాలుగో ఏడూ పెద్ద ఏడు, 2010 అలాంటి ఏడాది. అది లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా ఎవరికీ పూర్తిగా మింగుడుపడలేదు. ఒక ఏడాది వలను చూసి ‘ఇదీ కారణం’ అనేవాడిని నమ్మకూడదని నాకు అప్పుడు తెలిసింది. ఎవరు ఏ కారణం చెప్పినా అది 2009కీ సరిపోవాలి, 2010కీ సరిపోవాలి.

కోహెన్ కమిషన్ 170 మందికి పైగా సాక్షులను విని, 2012 అక్టోబరులో మూడు సంపుటాల నివేదిక ఇచ్చింది. 75 సిఫార్సులు చేసింది. నేరస్థుడు ఫలానా ఒక్కడే అని మాత్రం తేల్చలేదు. వేడెక్కుతున్న నీళ్లు, కలుషితాలు, రోగాలు, పాడైన ఏటి ఒడ్లు, సముద్రంలో మారిన మేత, అన్నీ కలిసి పనిచేశాయన్నది దాని మాట. శాస్త్రం ప్రకారం అది నిజాయితీగల జవాబు. కాని సహోదరులారా, ‘అందరూ కారణమే’ అన్న మాట వినగానే ఎవరు ఊపిరి పీల్చుకుంటారో మనకు తెలుసు. పెద్ద కారణమైనవాడే.

అందుకే కారణాల పట్టికను రెండుసార్లు చదవాలంటాను. ఒకసారి ఏది నిజమని చదవాలి. రెండోసారి ఒక్కొక్క కారణం కింద ఎవరి పేరుందో, ఎవరిని ఆపారో చూడాలి.

ఫ్రేజర్ నదిలో హెల్స్ గేట్ అని ఒక ఇరుకు లోయ ఉంది. 1913లో రైలుమార్గం వేసేవాళ్లు పేల్చిన బండరాళ్లను నదిలో పోశారు. 1914 ఫిబ్రవరిలో కొండచరియ కూడా విరిగిపడింది. ప్రవాహం ఉరుకై చేప ఎక్కలేకపోయింది. పైనున్న సరస్సులకు చేరాల్సిన సాకై అక్కడే కుప్పలుగా చచ్చింది. తర్వాత ఏమైందో చూడండి. మిగిలిన చేపను కాపాడాలని లోయలో తరతరాలుగా వేటాడుతున్న ఆదివాసుల మీద ఆంక్షలు పెట్టారు. రాళ్లు పోసింది రైలు కంపెనీ, వల ఆపాల్సింది ఆదివాసి! అంతకు ముందే, 1888 నిబంధనలతోనే, ఆదివాసి చేప పట్టుకుని తినొచ్చు గాని అమ్ముకోకూడదని రాశారు. అదే కాలంలో నది మూతి దగ్గర డబ్బాచేప ఫ్యాక్టరీలు లక్షల డబ్బాలు నింపుతున్నాయి. హెల్స్ గేట్ దగ్గర చేప ఎక్కడానికి సరైన దారి కట్టింది 1940ల మధ్యలో. ముప్పై ఏళ్లు పట్టింది.

దానికి దక్షిణాన, అమెరికాలో కొలంబియా నది. ఒకప్పుడు ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల దాకా సాల్మన్ వచ్చేదని అంచనా. అక్కడ నేరస్థుణ్ణి వెతకక్కర్లేదు, కాంక్రీటులో నిలబడి కనిపిస్తాడు. గ్రాండ్ కూలీ డ్యామ్‌కు చేప మెట్లే కట్టలేదు. ఆ డ్యామ్ పైనున్న నదంతా చేపకు మూసుకుపోయింది. కెటిల్ జలపాతం మునిగిపోతుందని తెలిసి 1940 జూన్‌లో చుట్టుపక్కల ఆదివాసీ జాతులు అక్కడ చేరి మూడు రోజులు ఏడ్చాయి. దాన్ని కన్నీళ్ల వేడుక అనే పిలుస్తారు. 1957 మార్చిలో ఇంకో డ్యామ్ గేట్లు దించగానే సెలైలో జలపాతం కొన్ని గంటల్లో మునిగింది. వేల ఏళ్లుగా జనం బల్లలు కట్టి, పొడుగు కర్రల వలలతో చేప పట్టిన చోటు అది.

డ్యాములు కట్టేటప్పుడు ఒక మాట ఇచ్చారు. పిల్లలను మేమే హేచరీల్లో పుట్టించి వదులుతాం, లోటు రాదు అని. ఇవాళ కొలంబియాకు తిరిగొచ్చే చేపల్లో ఎక్కువ హేచరీ పిల్లలే. తొట్టెలో మేత తిని పెరిగిన పిల్లకు ఏటి తెలివి తక్కువ. అది నదిలో పుట్టిన పిల్ల మేతకు పోటీ, దాని వంశంలోకి చొరబాటు. మందు అనుకున్నది రోగాల జాబితాలో చేరింది. ఆ నదికి స్నేక్ అనే ఉపనది ఉంది. సముద్రం నుంచి ఎనిమిది డ్యాములు దాటి, దాదాపు 1,450 కిలోమీటర్లు ఎదురీదితే ఇడాహోలో రెడ్‌ఫిష్ అనే సరస్సు వస్తుంది. ఎర్రచేపల మూలంగా ఆ పేరు వచ్చింది. 1992లో ఆ సరస్సుకు చేరిన సాకై ఒకే ఒక్కటి. జనం దానికి ‘ఒంటరి లారీ’ అని పేరు పెట్టారు.

ఇంకో కారణం కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేరస్థులం మనమే. సియాటిల్ చుట్టుపక్కల ఏర్లలో కోహో అనే సాల్మన్ వాన పడగానే చచ్చిపోయేది. కడుపు నిండా గుడ్లతో వచ్చిన ఆడచేప, గుడ్లు పెట్టకముందే గిలగిల కొట్టుకుని గంటల్లో చచ్చేది. పురుగుమందులా? లోహాలా? నూనెలా? ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ పరీక్షించి, కాదని కొట్టేస్తూ వచ్చారు. 2020 డిసెంబరులో జవాబు అచ్చయింది. టైరు పొడి! టైరు పగుళ్లు రాకుండా రబ్బరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి ఇంకో పదార్థంగా మారుతుంది. రోడ్డు మీద అరిగిన టైరు పొడిని వాన కడిగి ఏటిలో పోస్తే, చాలా చిన్న మోతాదుకే కోహో చస్తుంది. అదే నీళ్లలో చమ్ అనే సాల్మన్‌కు ఏమీ కాదు. ఆ రసాయనం ప్రపంచమంతా టైర్లలో ఉంది. నేను ఇవాళ బైకు మీద వచ్చాను. మీలోనూ చాలామంది బైకుల మీదే వచ్చారు.

సీల్ జంతువులు, సముద్ర సింహాలు తినేస్తున్నాయని ఒక వాదన ఉంది. కొంత నిజమే. డ్యామ్ కింద చేప గుమిగూడితే అక్కడికి అవి విందుకొచ్చినట్టు వస్తాయి. కాని డ్యామ్‌ను వదిలి జంతువును కాల్చమనడం చవక పరిష్కారం. అంతకంటే దాని గురించి చెప్పను.

సముద్రంలో వలపంజరాల పెంపకం గురించి గొడవ ఇంకా నడుస్తోంది. పంజరాల్లో లక్షల చేపలు కిక్కిరిసి ఉంటాయి. వాటి పేలు, రోగాలు పక్కనుంచి పోయే అడవి పిల్లచేపలకు అంటుకుంటాయని కొందరు శాస్త్రవేత్తలు చెబుతారు, అంత ప్రమాదం లేదని ఇంకొందరు. కోహెన్ ఇక్కడ ఒక పదునైన సంగతి పట్టుకున్నారు. అడవి సాల్మన్‌ను కాపాడాల్సిన శాఖే, పెంపకం పరిశ్రమను ప్రోత్సహించే శాఖ కూడా. ఒకే చేత్తో రెండు పనులు కుదరవు, ప్రోత్సహించే పని దాని నుంచి తీసేయండి అన్నారు. మన రాష్ట్రాల్లో ఇది చదివి ఎవరికి ఏ శాఖ గుర్తొస్తుందో నేను చెప్పను. చివరికి 2024 జూన్‌లో కెనడా ప్రభుత్వం, 2029 జూన్ ఆఖరుకు బ్రిటిష్ కొలంబియా తీరంలో ఆ పంజరాలు ఉండకూడదని ప్రకటించింది.

ఇంతవరకు విని, డ్యాములూ పంజరాలూ తీసేస్తే చాలు అనుకునేరు. నేనూ అలాగే అనుకున్నాను. అలాస్కా సంగతి చదివాక నోరు మూతపడింది. అక్కడ బ్రిస్టల్ బే అనే చోటికి 2022లో దాదాపు 7 కోట్ల 90 లక్షల సాకై వచ్చాయి, చరిత్రలోనే ఎక్కువ. డ్యాములు లేవు, పంజరాల పెంపకాన్ని అలాస్కా ఎప్పుడో నిషేధించింది. చూశారా అందామంటే, పక్కనే యూకాన్ నది ఉంది. మూడువేల కిలోమీటర్ల పైచిలుకు నదికి ఎగువన ఒక్క డ్యామ్. పంజరాలు లేవు, పెద్ద పట్టణాలూ తక్కువే. అక్కడి చినూక్ సాల్మన్ కుప్పకూలింది. వేడెక్కిన నీళ్లు, రోగం, సముద్రంలో తగ్గిన మేత, వీటివైపే వేళ్లు చూపుతున్నాయి. 2015లో కొలంబియాలో నీళ్లు వేడెక్కి రెండున్నర లక్షల సాకై దారిలోనే చచ్చిన సంగతి కలిపి చూస్తే, వేడి ఏ డ్యామ్ కన్నా తక్కువది కాదు. దానికి గేట్లు ఉండవు, ఎత్తేయడానికి.

2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా ఒప్పందం చేసుకుని యూకాన్ చినూక్ వేటను ఏడేళ్లు ఆపేశాయి. నది ఒడ్డున ఎండుచేప మీద చలికాలం గడిపే ఆదివాసీ ఊళ్లు ఒక్క చినూక్ పట్టకూడదు. అదే సమయంలో బేరింగ్ సముద్రంలో పొల్లాక్ చేప కోసం తిరిగే పెద్ద ట్రాలర్ల వలల్లో సాల్మన్ పడుతూనే ఉంది. ఒక్క 2021లోనే అయిదు లక్షలకు పైగా చమ్ సాల్మన్ అలా పడింది. ఇక్కడా న్యాయంగా మాట్లాడాలి. జన్యు పరీక్షల్లో ఆ చమ్‌లో ఎక్కువ భాగం ఆసియా హేచరీలదని తేలింది, యూకాన్‌ది కాదు. ట్రాలర్లను ఆపితే యూకాన్ నిండుతుందని చెప్పలేం. కాని ఊళ్లో ముసలమ్మకు సున్నా, ట్రాలర్‌కు సున్నా కాదు. ఇది లెక్కకు సంబంధించిన మాట కాదు, న్యాయానికి సంబంధించిన మాట. రెంటినీ కలగాపులగం చేయకుండా రెండూ మాట్లాడాలి.

ఆదివాసులు ఊరుకోలేదు. మస్క్వియమ్ జాతికి చెందిన రొనాల్డ్ స్పారో ఫ్రేజర్ మీద అనుమతించిన దానికంటే పొడవైన వల వేశాడని 1984లో కేసు పెట్టారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1990 తీర్పులో వరస తేలింది. ముందు చేప బతకాలి. ఆ తర్వాత ఆదివాసుల తిండి, ఆచారాలు. వ్యాపారం, వినోదం ఆ వెనక. అమెరికాలో బిల్లీ ఫ్రాంక్ అనే నిస్క్వాలీ మనిషి తన నదిలో తాను వల వేసినందుకు యాభైసార్లకు పైగా అరెస్టయ్యాడు. 1974లో బోల్ట్ అనే జడ్జి, పాత ఒప్పందాల ప్రకారం చేపలో సగం వాటా ఆ జాతులదే అన్నాడు. ఆ వాదన అక్కడితో ఆగలేదు. వాటా ఇచ్చి చేప లేకుండా చేస్తే వాటాకు అర్థమేమిటని మళ్లీ కోర్టుకెళ్లారు. రోడ్ల కింద ప్రభుత్వం వేసిన తూములు చేపకు అడ్డం పడుతున్నాయి, వాటిని బాగు చేయాల్సిందేనన్న కింది కోర్టు ఆదేశం 2018లో అమెరికా సుప్రీంకోర్టులో నిలబడింది. తూము! మన ఊళ్లో కాంట్రాక్టరు కూడా పట్టించుకోని తూము.

మన సంఘాల సంగతీ చెప్పాలి. ఆ తీరంలో చర్చిలు ఆదివాసుల ఆచారాలను అణచినవాళ్ల పక్కనే చాలాకాలం నిలబడ్డాయి. 1987లో సియాటిల్‌లో పలు సంఘాల బిషప్పులు, పెద్దలు కలిసి ఆ జాతులకు బహిరంగంగా క్షమాపణ రాసిచ్చారు. 2001లో కొలంబియా నది పరిసరాల కేథలిక్ బిషప్పులు నది గురించే ఒక లేఖ విడుదల చేశారు. సాల్మనూ, రైతూ, ఆదివాసీ, కరెంటూ అన్నీ అందులో ఉన్నాయి. బలిసిన గొర్రెలు నీళ్లు తాగి, మిగిలినవి కాళ్లతో బురద చేస్తే బక్కవాటికి ఆ బురదే గతి అవుతుందని యెహెజ్కేలు 34లో ఉంది కదా. మనం దాన్ని కాపరుల మీద ప్రసంగానికే వాడతాం. నది ఒడ్డున కూర్చుని చదివితే అది నీళ్ల గురించిన అధ్యాయం కూడా.

గోదారికి వద్దాం. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే అధికారి మన దేశపు మంచినీటి చేపల మీద నివేదిక ఇస్తూ, ఆనకట్టలు ఎదురీదే చేపకు అడ్డమని రాశాడు. కాటన్ దొర ఆనకట్ట అప్పటికి ఇరవై ఏళ్లది. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు, ఆ నీళ్ల అన్నమే తిని పెరిగాను. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువ ఊళ్లలో ఇలిష చేప ఏమైందో అందరికీ తెలుసు. అయినా మన దగ్గర చేప మాట వచ్చేసరికి మొదట గుర్తొచ్చేది వేటగాడే. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట నిషేధం పాటిస్తున్నాం. పాటించాలి కూడా, చేపకు అది మంచిది. కాని మిగతా జాబితా ఎవరు చదివారు?

ఒక మంచి కబురు ఉంది. క్లామత్ నది మీద యూరోక్ మొదలైన జాతులు ఇరవై ఏళ్లకు పైగా పోరాడాయి. 2002 సెప్టెంబరులో ఆ నదిలో కనీసం 34 వేల చేపలు చచ్చి తేలాక ఆ పోరాటం ఊపందుకుంది. నాలుగు డ్యాములు 2024కు పూర్తిగా కూల్చేశారు. పని ముగిసిన కొద్ది వారాలకే, అక్టోబరులో, చినూక్ సాల్మన్ ఆ డ్యాముల చోటు దాటి ఒరెగాన్‌లోకి ఎక్కింది. నూరేళ్లకు పైగా చేప కనబడని నీళ్లవి. ఎవరూ దానికి దారి చూపలేదు.

ఈ సంగతులన్నీ ఆ పెద్దాయనకు వెళ్లి చెప్పాను. “బాబాయ్, నీ వల కూడా ఒక కారణం కావచ్చు. సన్నకన్ను వలకు పిల్ల పడితే అది కారణమే. కాని జాబితాలో అది ఎన్నోదో ఎవరూ లెక్కేయలేదు” అన్నాను. ఆయన కాసేపు ఊరుకున్నారు. “మరి ఆ జడ్జీగారి లాంటి ఆయన్ని మనకీ వేస్తారాండీ?” అన్నారు. వేయరు బాబాయ్, ముందు మనమే రాసుకోవాలి అన్నాను. “అయితే ఎనభైయారు వరదకు ముందు ఏడు నుంచి రాయండి” అని మొదలుపెట్టారు. ఏ పాయలో ఏ నెలలో ఎన్ని పడేవి, ఏ ఏడు నుంచి ఏ మలుపులో పడటం మానేశాయి, నీళ్ల రంగు ఎప్పుడు మారింది, అన్నీ వేళ్ల మీద ఉన్నాయి ఆయనకు.

ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నాను. పద్నాలుగు పేజీలు నిండాయి. అన్నీ ఒక్క మనిషి చెప్పినవే, సరిపోవు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో యాభై దాటిన వేటగాళ్లు, చేపలమ్మిన అమ్మలు ఎవరున్నా భోజనాలయ్యాక వరండాలోకి రండి. పుస్తకం, రెండు పెన్నులు తెచ్చాను.